సదానందం కాక కట్టిన కారు

మా షెడ్డు పక్కనున్న ఖాళీ గదుల్లోకి ఈమధ్య కార్ల సొట్టలు తీసే డెంటింగ్ పనివాళ్ళు దిగారు. పొద్దున్నే వాళ్ళు పుట్టీ పెట్టిన రేకు మీద నీళ్ళు చల్లి గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టగానే, తడిసిన సున్నంలాంటి ఘాటు వాసన గోడ దాటి నా బల్ల దాకా వస్తుంది. దాని వెనకే రేకు మీద సుత్తి చప్పుడు. కంప్యూటరులో ఏ బ్యాటరీ వివరాలు చూస్తున్నా నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది. కొట్టేవాడు విసుగ్గా కొడుతున్నాడో, ఓపికగా కొడుతున్నాడో ఆ చప్పుడును బట్టి చెప్పగలను. హైబ్రిడ్ కార్లు బాగుచేసే దానివి, నీకు రేకు సంగతి ఎలా తెలుసని కొత్తవాళ్ళు అడుగుతారు. సదానందం కాక దగ్గర పనిచేశానని చెబితే, ఆయన్ని ఎరిగిన పాతవాళ్ళు ముందు ఆయన మీసాన్ని తలుచుకుని నవ్వుతారు. ఎరగని వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

వరంగల్ ఆటోనగర్‌లో ఆయనకొక షెడ్డు ఉండేది. ఐటీఐలో ఫిట్టరు చదివి, బస్సులకు బాడీలు కట్టే చోట పని నేర్చుకుని, ఆ తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. గుద్దుకున్న కార్లను సరిచేయడం ఆయన బతుకుదెరువు. దాని పక్కనే, ఎప్పుడూ ఏదో ఒక కారును తన ముచ్చట కోసం విప్పి, కోసి, పెంచి, మరో రూపంలోకి తెస్తూ ఉండేవాడు. గ్రీజు మరకల మధ్య కూడా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాయే. జేబులో దువ్వెన. మీసానికి ప్రతి ఆదివారం రంగు. అణకువ అన్నది ఆయన దరిదాపుల్లో ఉండేది కాదు. తాను సరిచేసిన తలుపును వచ్చినవాళ్ళందరికీ చూపించి, "ఎక్కడ కొట్టుకున్నదో చెప్పు చూద్దాం" అని నిలబడేవాడు. ఎవరూ చెప్పలేకపోతే చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. ఆయన గొప్పలు వినడానికి నాకెప్పుడూ విసుగు పుట్టలేదు. ఆ గొప్పలన్నీ నిజాలు కావడం ఒక కారణం. ఎదుటివాడి పని బాగుంటే దాన్ని కూడా అంతే గొంతు పెట్టి పొగడడం ఇంకో కారణం.

నేను ఆయనకు పరిచయమయ్యేనాటికి హనుమకొండలో ఒక కార్ల సర్వీస్ సెంటరులో కౌంటరు దగ్గర కూర్చునేదాన్ని. చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. చేసేది మాత్రం వచ్చినవాళ్ళకు టీ ఇప్పించి, వాళ్ళ బండి ఎప్పటికి తయారవుతుందో చెప్పడం. లోపల బండ్లు ఎత్తి పనిచేసే చోటుకు ఆడపిల్లలు వెళ్ళే అలవాటు లేదు. వద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఆ ఏడు వానలకు పల్లపు కాలనీలు మునిగి, ఒక హైబ్రిడ్ కారు కప్పు దాకా నీళ్ళలో నానింది. పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ కలిసి నడిపించే బండి అది. ఇన్సూరెన్సు వాళ్ళు ఇక పనికిరాదని రాసేస్తే సదానందం కాక కొనుక్కున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం మా కౌంటరు దగ్గరికి వచ్చి ఫోనులో ఒక ఫొటో చూపించాడు.

"ఈ నారింజ రంగు వైర్లు ముట్టుకోవచ్చునా? మీ మెకానిక్కులను అడిగితే బండి పట్కరమ్మంటాన్లు. అది కదుల్తెనే గదా పట్కరావడానికి."

"ముట్టుకోవద్దు," అన్నాను. "వెనుక సీటు కింద నారింజ పిడి ఉన్న ప్లగ్గు ఒకటుంటది. అది పీకి, జరసేపు ఆగాలె. అప్పటిదాక ఎవ్వరినీ దగ్గరికి రానియ్యకండి."

"నువ్వు పీకినవా ఎప్పుడన్న?"

"కాలేజీల, మా ప్రాజెక్టుకు."

ఆయన నా ముందున్న టీ కప్పులను, బిల్లుల కట్టను చూశాడు. "మరి ఇక్కడేం జేస్తానవ్ బిడ్డా?" అని అడిగాడు. అందులో వెక్కిరింత లేదు, జాలి లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. ఆ రోజంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ఆదివారం కాజీపేటలో మా రైల్వే క్వార్టరు కనుక్కుని ఆయనే వచ్చాడు. మీసానికి రంగు కొత్తగా ఉంది. మా నాన్న లోకోషెడ్డులో పనిచేసేవాడు. మోటార్లన్నా, ఇంజన్లన్నా ఇష్టమే కానీ, కూతుర్ని ఆటోనగర్‌కు పంపడమంటే మొహం ముడుచుకున్నాడు. మా అమ్మ తలుపు పక్కనే నిలబడి వింటోంది.

"పని నేర్పుతరా మా నస్రీన్‌కు?" అని నాన్న అడిగాడు.

"నేర్పుతనని రాలేదు సాబ్. నాకు రాని పని ఆమెకు వచ్చు. జర మాకు చెప్పుమని అడగనీకి వచ్చిన. రేకు పని అయితే నేను నేర్పుత, ఆమె ఇష్టపడితే."

"అక్కడ అందరూ మొగోళ్ళే గదా," అంది మా అమ్మ.

"అవునమ్మా, అందరం మొగోళ్ళమే. ముందుగాల ఒక్కసారి మీరు వచ్చి చూడున్రి. మీకు నచ్చకపోతే నేను మల్ల అడగ."

అమ్మానాన్నలు చూడటానికి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. షెడ్డు వెనుక కొత్తగా కట్టిన స్నానాలగది కనిపించింది. గోడకు ఇంకా తడి ఆరలేదు. అంతవరకు ఆ షెడ్డులో అలాంటిది లేనే లేదు. తలుపు ఆయనే చేశాడు. మామూలు ఇనుప రేకు తలుపే, కానీ మధ్యలో కారు బానెట్టుకు వచ్చినట్టు సన్నటి గీతతో ఒక వంపు తీశాడు. లోపలి గడియ పట్టుకుని, వదులుందేమోనని మా అమ్మ రెండుమూడుసార్లు లాగి చూసింది. బయటికొచ్చి ఇంకేమీ అడగలేదు. ఆయన మాత్రం ఊరుకోకుండా, "తలుపు ఎట్లున్నదమ్మా?" అని అడిగి మరీ మెప్పించుకున్నాడు.

కౌంటరు పని మానేసి నేను ఆ షెడ్డులో చేరాను. ఆ మునిగిన కారు విషయంలో ఆయన ఆశలకు హద్దు లేదు. నాలుగు తలుపుల బండిని రెండు తలుపులది చేయాలి. కప్పు వెనుకవైపు కిందికి వాలాలి. చక్రాలు వెడల్పువి కావాలి, వాటిని కప్పే రేకులు భుజాల్లా బయటికి ఉబకాలి. ఇవన్నీ ఆయన పనులు. మునిగిన బ్యాటరీ తీసేసి కొత్త సెల్స్‌తో ఇంకా బలమైనది కట్టాలి. గుద్దుకుని మూలపడ్డ మరో హైబ్రిడ్ జీపులోంచి మోటారు తెచ్చి వెనుక చక్రాలకు కూడా కరెంటు బలం ఇవ్వాలి. ఇవి నా పనులు. ఇలాంటి బండిని మామూలు రోడ్డు మీద తిప్పనివ్వరని ఆయనకు మొదటినుంచీ తెలుసు. "ఇది రోడ్డు కోసం కాదు. హైదరాబాద్ అవతల రేసు ట్రాక్ ఉన్నది. అండ్ల ఒక్కసారి నడుపుత. అంతే," అనేవాడు. సైలెన్సరు కోసి చప్పుడు పెంచమని వచ్చే కుర్రాళ్ళను మాత్రం గేటు దగ్గరి నుంచే పంపించేసేవాడు. చప్పుడుకు, వేగానికి ఏం సంబంధమని వాళ్ళతో వాదించేవాడు.

మాట ఇచ్చినట్టే నాకు రేకు పని నేర్పాడు. సుత్తితో కాదు, అరచేత్తో మొదలుపెట్టాడు. పల్చటి నూలు గుడ్డ అరచేతి కింద పెట్టి, కళ్ళు మూసుకుని రేకు మీద మెల్లగా జరపమనేవాడు. "కన్ను మోసపోతది బిడ్డా. వెలుగు మారితే కన్ను మాట మారుస్తది. అరచెయ్యి మార్చదు." మొదట్లో నాకు ఏమీ తెలిసేది కాదు. కొన్ని నెలలకు ఒకరోజు కారు కుడివైపు భుజం మీద చెయ్యి జరుపుతుంటే, ఒకచోట రేకు ఊపిరి పీల్చినట్టు చిన్న ఎత్తు తగిలింది. చెప్పాను. ఆ భుజం పూర్తయిందని ఆయన అప్పటికే అందరికీ చూపించి ఉన్నాడు. వచ్చి, కళ్ళు మూసుకుని తడిమాడు. "ఉన్నది," అన్నాడు. మా పెయింటరు అఫ్జల్ భాయ్ అది పుట్టీ కింద కలిసిపోతుందని, ఎవరికీ కనబడదని సర్దిచెప్పబోయాడు. "నస్రీన్‌కు కనబడ్డది గదా," అని కాక ఆ భుజాన్ని మళ్ళీ కొట్టడానికి కూర్చున్నాడు. ఆ సాయంత్రం చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళందరికీ ఆ ఎత్తును నేనెలా పట్టానో చెప్పాడు. తన పనిలో లోపం దొరికిన సంగతిని అంత గర్వంగా చెప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నా వైపు పని అంత తేలిగ్గా సాగలేదు. కారులోని కంప్యూటరు కొత్త బ్యాటరీని చాలాకాలం ఒప్పుకోలేదు. ఒక హెచ్చరిక తీస్తే ఇంకొకటి వెలిగేది. నేను విసిగి మూలన కూర్చుంటే కాక వచ్చి పక్కన కూర్చునేవాడు. సలహా ఇచ్చేవాడు కాదు. "నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పు, ఏం చేస్తలేదది?" అని అడిగేవాడు. ఆయనకు అర్థమయ్యేలా చెబుతూ చెబుతూ ఉంటే చాలాసార్లు చిక్కుముడి నాకే విడిపోయేది. ఆయన తెలిసే అలా చేశాడో, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు.

చివరికి ఒక ఉదయం బండికి ప్రాణం వచ్చింది. కాక స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను చెప్పినట్టు బటన్ నొక్కాడు. షెడ్డులో అందరూ పని ఆపి ఇంజను చప్పుడు కోసం చూస్తున్నారు. ఏ చప్పుడూ లేదు. ఆయన మొహం వాడిపోయింది.

"స్టార్ట్ కాలేదా?"

"అయింది కాకా. ఆ పచ్చ లైటు చూడు. మెల్లగ తొక్కు."

తొక్కాడు. అంత బరువైన బండి గాలికి జరిగిన కర్టెనులా ముందుకు కదిలింది. గేటు దాకా వెళ్ళి ఆపాడు. కాసేపటికి పెట్రోలు ఇంజను తనంతట తాను అందుకుంటే ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వాడు. ఇంటికి ఫోను చేసి భార్య రాజేశ్వరమ్మతో, "కారు మాట్లాడకుంట నడుస్తాంది, నీ లెక్క కాదు," అన్నాడు. అవతలి నుంచి ఆమె ఏమన్నదో గానీ వెంటనే పెట్టేశాడు.

ఆ చలికాలంలో ట్రాక్ వాళ్ళు సొంతంగా కట్టుకున్న కార్లకోసం ఒక రోజు కేటాయించారు. ఏడాదికి ఒక్కసారే వచ్చే అవకాశం. కారును లారీ మీద ఎక్కించుకుని ముందురోజే వెళ్ళాం. ఆటోనగర్ నుంచి ఆయన స్నేహితులు రెండు జీపుల్లో వచ్చారు. రాజేశ్వరమ్మ మక్కగారెలు చేసి డబ్బాలకెత్తింది. తెల్లారాక మా షెడ్డువాళ్ళు దారిదుమ్మంతా పోయేలా కారును నీళ్ళ పంపుతో కడిగి తుడిచారు. ముదురు నీలం రంగు, వాలిన కప్పు, ఉబికిన భుజాలు. వెనుక చక్రాల పైన, బ్యాటరీకి గాలి తగలడానికని కాక చెవుల్లాంటి రెండు దారులు తీశాడు. మొత్తం బండిలో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. పక్క ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తమ బండ్లు వదిలి వచ్చి వాటిని తడిమి చూశారు. ఆయన అందరికీ విసుగు లేకుండా చెబుతున్నాడు.

మా వంతు వచ్చింది. కాక హెల్మెట్ పెట్టుకుని లోపల కూర్చున్నాడు. బయల్దేరే ముందు కరెంటు ఎక్కడా బండి బాడీలోకి పాకడం లేదని మీటరుతో చూడటం మేం పెట్టుకున్న నియమం. ముందురోజు దాకా అది బాగానే ఉంది. ఇప్పుడు ముల్లు ఉండాల్సిన చోటుకు చాలా కిందే ఆగింది, అంటే కరెంటు ఎక్కడో బాడీలోకి పాకుతోంది. వైరు మార్చి మళ్ళీ చూశాను. మళ్ళీ అంతే. ట్రాక్ మనిషి జెండా పట్టుకుని మా వైపే చూస్తున్నాడు.

"కాకా, రీడింగు సక్కగ లేదు," అన్నాను.

అఫ్జల్ భాయ్ దగ్గరికొచ్చాడు. "ఒక్క రౌండే గదా బేటా. నిన్న మంచిగనే ఉండె. ఏం కాదు తియ్."

"ఇప్పుడు పోకపోతే మీ టైము పోతుంది. మళ్ళీ వచ్చే ఏడే," అన్నాడు ట్రాక్ మనిషి. అది బెదిరింపేమీ కాదు, ఉన్నమాటే.

కాక ఎవరి వైపూ చూడలేదు. హెల్మెట్ అద్దం పైకెత్తి నన్ను చూశాడు. "దిగమంటవా?"

ఎందుకని అడుగుతాడనుకున్నాను. ఇంకోసారి చూడమంటాడనుకున్నాను. ఆ రెంటికీ జవాబులు వెతుక్కుంటున్నాను. ఆయన అడిగింది అదొక్కటే.

"దిగు కాకా."

దిగాడు. హెల్మెట్ తీసి, జేబులోంచి దువ్వెన తీసి జుట్టు దువ్వుకున్నాడు. "పక్కకు నెట్టున్రి," అన్నాడు. అందరూ చూస్తుండగా మా బండిని తోసుకుంటూ పక్కకు తెచ్చాం. ఎవరో కుర్రాళ్ళు, చూపుకే తప్ప నడకకు పనికిరాదని నవ్వుకోవడం నాకు వినిపించింది. ఆయనకూ వినిపించే ఉంటుంది. సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని, మక్కగారెలు తింటూ, మిగతా బండ్ల పరుగు చూస్తూ కూర్చున్నాడు. బాగా నడిపినవాళ్ళకు చప్పట్లు కొట్టాడు. ఒక ఎర్ర కారు వాడి దగ్గరికి వెళ్ళి బానెట్టు ఎవరు చేశారో కనుక్కుని మరీ వచ్చాడు.

ఈలోగా నేను వెనుక సీటు విప్పాను. బ్యాటరీ పక్కన ఒక కనెక్టరు మీద తడి ఉంది. పొద్దున కడిగిన నీళ్ళు ఆయన తీసిన గాలిదారిలోంచే లోపలికి వచ్చాయి. తుడిచి ఆరబెట్టాక ముల్లు తన చోటుకు వెళ్ళింది. అప్పటికి ట్రాక్ మూసేశారు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన పక్కనే కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. "కాకా, బండి తనంతట తనే కరెంటు కట్ చేసుకునేదేమో. నడిపినా బహుశా ఏం కాకపోయేది," అన్నాను. దాచుకోలేకపోయాను.

ఆయన రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "మాది కేసముద్రం దిక్కు పల్లె. మా తమ్ముడు బాయి కాడ మోటరు ఏసెటోడు. ఒకనాడు స్టార్టరు డబ్బా ముట్టుకుంటె జుమ్మంటాందన్నా అన్నడు. మొదటిసారి కాదది. అంతకుముందు ఒకపాలి గట్లనే అంటే నేను చూసి, ఏం లేదు, పిరికోనివిరా నువ్వని నలుగురిల నవ్విన. రెండోసారి అన్నప్పుడు మెల్లగ అన్నడు. నాకు ఇనబడీ ఇనబడనట్టు అన్నడు. నేను పట్టించుకోలే."

ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు. ఆయనకొక తమ్ముడుండేవాడని నాకు తెలిసింది అప్పుడే.

"మనిషిని ఒకసారి నగుబాటు చేస్తే రెండోసారి నోరు పెగలదు బిడ్డా," అన్నాడు. "నీకు డౌటొస్తే గట్టిగ చెప్పు. ఉత్తదే అయినా సరే. మల్ల ఆపుతం. ఎన్నిసార్లయినా ఆపుతం."

మర్నాడు నేను షెడ్డుకు వెళ్ళేసరికి ఆయన కట్టరు పట్టుకుని ఆ రెండు గాలిదారులను కోసేస్తున్నాడు. ఎంత ముద్దుగా చేసుకున్నవో నాకు తెలుసు. నీళ్ళు జారిపోయేలా లోపల మెట్టు పెట్టి, వాటిని మళ్ళీ మొదటినుంచీ కొట్టాడు. ఈసారి ఇంకా బాగా వచ్చాయని తనే అన్నాడు. నిజమే.

మరుసటి ఏడు ఆయన ట్రాక్ మీద నడిపాడు. మీటరు చూసి నేను సరేనన్నాకే బెల్టు పెట్టుకున్నాడు. మొదటి మలుపులో కొంచెం భయపడ్డట్టు కనిపించింది. తర్వాత పొడుగాటి తిన్నటి దారి మీద ఇంజనూ, రెండు మోటార్లూ ఒక్కసారిగా అందుకున్నప్పుడు బండి నేలకు అతుక్కుని దూసుకుపోయింది. మా ఆటోనగర్ జనమంతా లేచి నిలబడ్డారు. రాజేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టైముల్లో మేం నడుమ ఎక్కడో నిలిచాం. మా కంటే వేగంగా వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. కాక తిరిగొచ్చి బండి ఆపి, చాలాసేపు దిగలేదు. నేను వంగి, ఎట్లున్నదని అడిగాను.

"నాకెట్లున్నదో తర్వాత. నా రేకు ఎండకు ఎట్ల మెరిసింది, ముందుగాల అది చెప్పు."

మెరిసిందని చెప్పాను. అప్పుడు దిగాడు. కళ్ళు తుడుచుకుంటూనే దువ్వెన తీశాడు.

ఆ తర్వాత ఆయన ఎంతోకాలం లేడు. గుండె జబ్బు. హనుమకొండ దవాఖానలో చూడటానికి వెళ్తే, మీసానికి రంగు లేక తెల్లగా ఉన్నందుకు నా ముందు సిగ్గుపడ్డాడు. సొంతంగా షెడ్డు పెట్టుకొమ్మని అప్పుడే అన్నాడు. భయంగా ఉందన్నాను. "ఉండాలె. కరెంటు పని గదా," అన్నాడు. ఆయన పోయాక రాజేశ్వరమ్మ ఆ కారును అమ్మలేదు. హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీ వాళ్ళు అడిగితే పిల్లలు విప్పి నేర్చుకోవడానికి ఇచ్చేసింది. వాళ్ళు పిలిచినప్పుడు వెళ్తుంటాను. బ్యాటరీ గురించి చెప్పడం అయ్యాక, ఒక్కొక్కరినీ కళ్ళు మూసుకుని ఆ కారు కుడి భుజం మీద చెయ్యి జరపమంటాను.

ఇప్పుడు నా దగ్గర కొంతమంది పనిచేస్తున్నారు. నేను వాళ్ళకు చాలా విషయాలు నేర్పుతుంటాను, కొన్నిటిలో నాకంటే వాళ్ళే నయం. మొన్న ఒక కస్టమరు పెళ్ళికి వెళ్ళాలని తొందరపడుతూ వచ్చాడు. బండి అయిపోయింది, తాళం ఇవ్వబోతున్నాను. కొత్తగా చేరిన రమేశ్ వెనుక నుంచి, "మేడం, నాకు జర డౌట్ కొడ్తాంది," అన్నాడు. కస్టమరు గడియారం చూసుకున్నాడు. నేను తాళం జేబులో వేసుకుని, బండిని మళ్ళీ పైకెత్తమన్నాను. కస్టమరు అన్న మాటలు పడ్డాను. అంతా విప్పి చూస్తే ఏమీ లేదు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. రమేశ్ తల వంచుకుని, "సారీ మేడం, ఉత్తగనే ఆపించిన," అన్నాడు.

"ఏం లేకపోతే మంచిదే గదా," అన్నాను. "డౌటొస్తే మల్ల చెప్పు. గట్టిగ చెప్పు."

నిన్న మధ్యాహ్నం ఇంకో బండి దగ్గర నిలబడి అతను నన్ను పిలిచాడు. షెడ్డు ఆ చివరి దాకా వినిపించేంత గట్టిగా పిలిచాడు.